వద్దన్న మాట ఎక్కడ ఆగిపోయింది? బాంబర్ 134 ప్రమాదంపై కేస్ స్టడీ

2020 జనవరి 23న ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో, అడవి మంటల మీద మందు చల్లడానికి వెళ్ళిన సీ-130 హెర్క్యులస్ విమానం కూమా అనే ఊరి దగ్గర పీక్ వ్యూ ప్రాంతంలో కూలిపోయింది. ఇద్దరు పైలట్లు, ఒక ఫ్లైట్ ఇంజనీరు ఉన్నారు. ముగ్గురూ అమెరికన్లే, ముగ్గురూ చనిపోయారు. రేడియోలో ఆ విమానాన్ని పిలిచే పేరు బాంబర్ 134. బెంగళూరులో హెలికాప్టర్ సిబ్బందికి, వాళ్ళని పనికి పంపే గ్రౌండ్ స్టాఫ్‌కి హ్యూమన్ ఫ్యాక్టర్స్ (పనిచేసే మనుషుల మధ్య పొరపాట్లు ఎలా పుడతాయన్న విషయం) శిక్షణ ఇవ్వడం నా వృత్తి. మా క్లాసుల్లో అన్నిటికంటే ఎక్కువసేపు నడిచే కేసు ఇదే.

పైలట్ పొరపాటు అనేసి ఈ ఫైలు మూసెయ్యడం తేలిక. బరువుతో ఉన్న విమానాన్ని తక్కువ ఎత్తులో, విపరీతమైన గాలిలో మలుపు తిప్పారు, స్టాల్ అయింది, అంటే రెక్కలకి ఎత్తి నిలబెట్టే బలం పోయింది, పడిపోయింది. జరిగింది అదే. కానీ ఆ గాలిలోకి ఆ విమానాన్ని ఎవరు, ఏం తెలిసి, ఏం చెప్పి పంపారన్నది చూడకపోతే ఈ కేసు చదివీ ప్రయోజనం లేదు. అదే రోజు, అదే పనికి వెళ్ళమంటే 134 కంటే ముందే ఒకరు వెళ్ళనన్నారు. ఇంకొకరు వెళ్ళివచ్చి మళ్ళీ వెళ్ళనన్నారు. ఈ రెండు మాటలూ కంట్రోల్ రూమ్‌కి తెలుసు. అక్కడి నుంచి 134కి పూర్తి సమాచారం అందలేదు.

మనకెందుకు ఈ కేసు అని అడిగేవాళ్ళుంటారు. 15,000 లీటర్ల మందు మోసుకెళ్ళే పెద్ద ట్యాంకర్ విమానాలు మన దేశంలో లేవు. కానీ 2019 ఫిబ్రవరిలో బండీపుర అడవి తగలబడినప్పుడు వాయుసేన ఎంఐ-17 హెలికాప్టర్లు బాంబీ బకెట్లతో (తాడుకి వేలాడే పెద్ద నీళ్ళ బకెట్లతో) నీళ్ళు పోశాయి. 2014 మార్చిలో శేషాచలం కొండల్లో మంటలు లేచినప్పుడూ వాయుసేన హెలికాప్టర్లు తిరుమలకు వచ్చాయి. ఉత్తరాఖండ్‌లో భీమ్‌తాల్ నీళ్ళు తోడి మంటల మీద పోయడం 2016లో చూశాం, 2024లో మళ్ళీ చూశాం. అటవీ శాఖ అడుగుతుంది, జిల్లా యంత్రాంగం పైకి రాస్తుంది, ఎక్కడో ఉన్న బేస్‌కి కబురు వెళ్తుంది, అక్కడి నుంచి సిబ్బంది ఎగురుతారు. కబురు ఇన్ని చేతులు మారేటప్పుడు అందులోంచి ఏం జారిపోతుందో ఈ కేసు చూపిస్తుంది.

ఆ రోజు

ఆస్ట్రేలియాలో పెద్ద ట్యాంకర్ వెళ్ళే చోటికి మామూలుగా ముందు ఒక చిన్న విమానం వెళ్తుంది. దాన్ని బర్డ్‌డాగ్ అంటారు. గాలి ఎలా ఉంది, పొగ ఎటు పోతోంది, కరెంటు తీగలున్నాయా, మందు వదిలాక ఏ వైపు నుంచి బయటపడాలి, ఇవన్నీ ఆ పైలట్ చూసి, వెనక వచ్చే ట్యాంకర్‌కి దారి చూపిస్తాడు. ఆ రోజు అడామినబీ అనే ఊరి దగ్గర మంటకి వెళ్ళమంటే బర్డ్‌డాగ్ పైలట్ వాతావరణం బాగాలేదని ఒప్పుకోలేదు. బాంబర్ 137 అనే బోయింగ్ 737 ట్యాంకర్ మాత్రం వెళ్ళి మందు వదిలింది. అక్కడ గాలి దెబ్బకి, పైలట్లు తిప్పకుండానే ఆ విమానం 45 డిగ్రీల దాకా పక్కకి ఒరిగింది. కాక్‌పిట్‌లో విండ్‌షియర్ (గాలి వేగం, దిశ చప్పున మారిపోవడం) హెచ్చరిక మోగింది. ఇక ఇక్కడికి తిరిగి రామని ఆ సిబ్బంది చెప్పేశారు. ఆ ప్రాంతంలో పనిచేయాల్సిన మిగతా విమానాలు కూడా అప్పటికి ఎగరడం లేదు.

అయినా మధ్యాహ్నం 12 గంటలు దాటాక రిచ్‌మండ్ బేస్ నుంచి బయల్దేరిన బాంబర్ 134ని అదే అడామినబీకి పంపారు, బర్డ్‌డాగ్ లేకుండానే.

ఆస్ట్రేలియా రవాణా భద్రతా బ్యూరో 2022 ఆగస్టులో ఇచ్చిన తుది నివేదికలో నేను క్లాసులో నెమ్మదిగా, రెండుసార్లు చదివించే భాగం ఇక్కడే ఉంది. పరిస్థితులు ఎంత దారుణంగా ఉన్నాయో పంపిన అగ్నిమాపక సంస్థకు తెలుసు. మిగతా విమానాలు ఆగిపోయాయనీ తెలుసు. తన దగ్గరున్న సమాచారమంతా కెప్టెన్‌కి ఇవ్వకుండా, వెళ్ళాలా వద్దా అన్న నిర్ణయాన్ని మాత్రం ఆయనకే వదిలేశారు. ఒక పైలట్ పని కాదంటే దాన్ని ఎలా నమోదు చేయాలి, తర్వాతి పైలట్‌కి ఎలా చెప్పాలి అన్నదానికి ఆ సంస్థ దగ్గర విధానమే లేదు. బర్డ్‌డాగ్ లేకుండా పెద్ద ట్యాంకర్‌ని పంపాల్సి వస్తే ఏం చేయాలన్నదీ రాసిపెట్టుకోలేదు.

"తుది నిర్ణయం కెప్టెన్‌దే" అనే మాట వినడానికి మర్యాదగా ఉంటుంది. పైలట్లకి కూడా ఇష్టమైన మాటే. అయితే తన దగ్గరున్నదంతా ఎదుట పెట్టి నిర్ణయం నీదే అనడం వేరు, సగం దాచి నిర్ణయం నీదే అనడం వేరు. రెండో పద్ధతిలో బాధ్యత కెప్టెన్ మీదికి పోతుంది, సమాచారం మాత్రం ఆఫీసులోనే ఉండిపోతుంది.

134 సిబ్బంది అడామినబీ చేరాక గాలి చూసి మందు వదలకూడదనే నిర్ణయించుకున్నారు. దీన్ని చాలామంది గమనించకుండా దాటేస్తారు. తమంతట తామే ఆ మంట దగ్గర వద్దనుకున్న సిబ్బంది వీళ్ళు. తర్వాత కూమా కంట్రోల్ సెంటర్‌తో మాట్లాడారు. వాళ్ళు తూర్పు వైపున్న మరో మంట చూపించారు. దాని పేరు గుడ్ గుడ్ ఫైర్. అక్కడ కొన్ని చుట్లు తిరిగి, పరిశీలించి, మందు వదిలారు. మొత్తం లోడ్ కాదు, సుమారు 4,500 లీటర్లు. ఆ వెంటనే ఎడమవైపు తిరుగుతూ పైకి లేవబోయారు. 1.15 గంటల ప్రాంతంలో విమానం నేలను తాకింది.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్తాను. ఇది నివేదికలోది కాదు. పొద్దున్నుంచి వేచి, ఎగిరి, బరువు మోసుకుని వెళ్ళి, ఒక మంట దగ్గర వద్దనుకున్న సిబ్బందికి రెండో మంట దగ్గర కూడా వద్దనడం కష్టం. ఒట్టి చేతులతో తిరిగిరావడం ఏ వృత్తిలోనూ ఎవరికీ నచ్చదు, అందులోనూ కింద జనం ఇళ్ళు కాలుతుంటే. రెండోసారి వద్దనడానికి కావలసిన బలం ఎక్కడి నుంచి వస్తుందంటే, "ఇవాళ వద్దన్నది మనమొక్కరమే కాదు" అని తెలియడం నుంచి వస్తుంది. ఆ రోజు పంపినవాళ్ళు ఇవ్వగలిగీ పూర్తిగా ఇవ్వనిది అదే.

గాలి ఏం చేసింది

రెక్కకి నేలతో పనిలేదు, దాని మీదుగా పారే గాలి వేగమే ముఖ్యం. వెళ్తున్న విమానానికి ఎదురుగాలి చప్పున తగ్గిపోతే, లేదా వెనకగాలి చప్పున పెరిగితే, నేల మీది వేగం తగ్గకపోయినా రెక్క మీది వేగం పడిపోతుంది. వేల అడుగుల ఎత్తులో ఉంటే ముక్కు కిందికి దించి వేగం పుంజుకోవచ్చు. మందు వదిలే ఎత్తులో ఆ అవకాశం ఉండదు. 134 విషయంలో విండ్‌షియర్, పెరిగిన వెనకగాలి, తక్కువ ఎత్తు, మలుపు, మిగిలిన లోడ్ అన్నీ ఒక్కచోట కలిశాయి. ట్యాంకులో మిగిలిన మందుని అత్యవసరంగా వదిలేసే ఏర్పాటు ఉన్నా దాన్ని వదల్లేదు. ఆ విమానంలో విండ్‌షియర్‌ని పసిగట్టే పరికరం లేదు. 137లో మోగిన హెచ్చరిక 134లో మోగే వీలే లేదన్నమాట. ఎగిరే ముందు ముప్పుని అంచనా వేసే పద్ధతి ఆపరేటర్ (విమానాన్ని నడిపే కంపెనీ) దగ్గర సరిగా లేదని కూడా దర్యాప్తులో తేలింది.

కొండలకి ఆవలి వైపు దిగే గాలి గురించి చెప్పేటప్పుడు మా క్లాసులో తెలుగువాళ్ళు ఎవరో ఒకరు 2009 సెప్టెంబర్ 2 నాటి నల్లమల ప్రమాదం ఎత్తుతారు. అది వేరే కేసు, వేరే కారణాలు. అయినా ఎత్తడం మంచిదే. కొండల్లో గాలి ఎంత పని చేయగలదో తెలుగునాట చిన్నపిల్లలకీ తెలిసింది ఆ రోజే.

134 కాక్‌పిట్ వాయిస్ రికార్డర్‌లో ఆ ప్రయాణం తాలూకు మాటలేవీ లేవు. పాత ప్రయాణం మాటలే మిగిలాయి. కాబట్టి ఆ ముగ్గురూ చివర్లో ఏం మాట్లాడుకున్నారో ఎవరూ చెప్పలేరు. కొందరు శిక్షకులు అక్కడ ఊహించి డైలాగులు రాసి నాటకం వేయిస్తారు. నేను దాన్ని ఒప్పుకోను. చనిపోయినవాళ్ళ నోట మన పాఠం పెట్టకూడదు. వాళ్ళ చేతికి ఏం అందింది, ఏం అందలేదు అన్నంతవరకు మనకి రుజువుంది. పాఠానికి అది చాలు.

క్లాసులో

పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డు వైపు ఒక గదిలో ఈ కేసుని ఆడిస్తాం. నాలుగు చీటీలు. ఒకదాని మీద బర్డ్‌డాగ్ వద్దన్న సంగతి, ఒకదాని మీద 137 తిరిగి రానన్న సంగతి, ఒకదాని మీద గాలి అంచనా, ఒకదాని మీద "అడామినబీకి వెళ్ళండి" అన్న పని. మొదటి మూడూ డిస్పాచ్ టేబుల్ మీద, అంటే సిబ్బందిని పనికి పంపేవాళ్ళ దగ్గర, ఉంటాయి. నాలుగోదే సిబ్బందికి వెళ్తుంది. మిగతావి ఇవ్వొద్దని నేనేమీ చెప్పను. పని అప్పగించమని మాత్రమే చెప్తాను.

ఎక్కువసార్లు మొదటి మూడు చీటీలూ టేబుల్ మీదే ఉండిపోతాయి. పక్కవాళ్ళు అడిగితే తప్ప ఇవ్వరు. సిబ్బంది అడగరు, ఎందుకంటే అడగడానికి ఏదో ఉందని వాళ్ళకి తెలియదు. ఒకసారి కడప వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు డిస్పాచర్‌గా కూర్చున్నాడు. ఎందుకివ్వలేదు నాయనా అంటే కాసేపు చీటీ మడతపెడుతూ, విప్పుతూ ఊరుకుని, నిజం చెప్పాడు. "సార్, చెప్తే ఈయన కూడా పోనంటాడేమో అనిపించింది. అందుకే చెప్పలా."

గది మొత్తం ఆ కుర్రాడి వైపు తిరిగింది. నేను అతన్ని మెచ్చుకున్నాను. చాలామంది మనసులో ఉండేదే అతను బయటికి అన్నాడు. పని అయ్యేలా చూడటం డిస్పాచర్ ఉద్యోగం. ఒకరు వద్దన్నారని చెప్పడం అతని దృష్టిలో పని చెడగొట్టడం. అందులో దురుద్దేశం లేదు. అందుకే అతని మంచితనం మీద ఆధారపడకుండా, చెప్పి తీరాలనే నియమం కావాలి.

ఎయిర్ అంబులెన్స్ రంగంలో దీనికి హెలికాప్టర్ షాపింగ్ అని పేరుంది. వాతావరణం బాగాలేదని ఒక ఆపరేటర్ కాదంటే, ఆ సంగతి దాచి రెండో ఆపరేటర్‌కి, ఆ తర్వాత మూడో ఆపరేటర్‌కి ఫోన్ చేయడం. మన దగ్గర చార్టర్ హెలికాప్టర్ల పనిలో ఉన్నవాళ్ళకి ఇది ఎలా జరుగుతుందో నేను విడమరిచి చెప్పనక్కర్లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ సమస్యకి పరిష్కారం ఎప్పటి నుంచో ఉండటం. అమెరికాలో అడవి మంటలు ఆర్పేవాళ్ళు జేబులో పెట్టుకునే చిన్న మార్గదర్శక పుస్తకంలో, ముప్పుని సరైన పద్ధతిలో ఎలా తిరస్కరించాలో చెప్పే పేజీ ఉంది. పని వద్దన్నవాడు కారణం చెప్పాలి, వీలైతే ప్రత్యామ్నాయం చెప్పాలి. ఆ పనినే వేరేవాళ్ళకి అప్పగిస్తే, ఇంతకుముందు ఒకరు దీన్ని వద్దన్నారనీ, ఎందుకన్నారనీ అప్పగించే అధికారి కొత్తవాళ్ళకి చెప్పాలి. ఇంతే. నేల మీద గొడ్డలి, పార పట్టుకునే కూలీ బృందాలకి ఉన్న ఈ హక్కు, 134 సిబ్బందికి ఆకాశంలో దక్కలేదు. వాళ్ళు అమెరికన్లయినా పనిచేసింది వేరే దేశపు వ్యవస్థలో.

ఇంకో రెండు కేసులు

134ని నడిపిన ఆపరేటర్‌కే చెందిన బాంబర్ 139 అనే బోయింగ్ 737 ట్యాంకర్ 2023 ఫిబ్రవరి 6న పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఫిట్జ్‌గెరాల్డ్ రివర్ నేషనల్ పార్క్‌లో కూలింది. ఇద్దరు పైలట్లూ బయటపడ్డారు, విమానం కాలిపోయింది. సగం మందు ఒకసారి వదిలి, మిగతాది వదలడానికి మళ్ళీ వచ్చారు. ఆ వాలు వెంట కిందికి దిగుతూ వదలాల్సి రావడంతో ఇంజన్లు ఐడిల్‌లో (కనీస బలంలో) ఉన్నాయి. జెట్ ఇంజన్ ఐడిల్ నుంచి పూర్తి బలానికి రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ సెకన్లలోనే ఎదురుగా ఉన్న గట్టు వచ్చేసింది.

ఇందులో ఆగిపోయిన మాట కాక్‌పిట్ లోపలే ఆగింది. పెద్ద ట్యాంకర్లు ఇంతకంటే కిందికి దిగి మందు వదలకూడదు అన్న కనీస ఎత్తుని ఆపరేటర్ గానీ, పని అప్పగించిన సంస్థ గానీ ప్రకటించలేదు. కనీస ఎత్తు అనేది ఉందని కో-పైలట్ అనుకోలేదు, కాబట్టి విమానం కిందికి జారుతున్నా, వేగం తగ్గుతున్నా హెచ్చరించలేదు. "కో-పైలట్లు ధైర్యంగా నోరు విప్పాలి" అని ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఈ కేసు చదవాలి. గీత గీసి ఉంటేనే దాటావని చెప్పడం కుదురుతుంది. అంకె లేనిచోట పెద్దాయన అంచనా మీద చిన్నవాడి అంచనా నెగ్గదు. మన దగ్గర సీనియర్ పట్ల చూపించే అణకువకి ఇది రెట్టింపు వర్తిస్తుంది. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక కో-పైలట్ అమ్మాయి ఈ మాటే ఇంకా సూటిగా అంది: "సర్, నంబర్ ఉంటే నేను నంబర్ చదువుతాను. నంబర్ లేకపోతే ఆయన్ని తప్పుబట్టినట్టవుతుంది."

రెండోది 2008 ఆగస్టు 5న కాలిఫోర్నియాలో జరిగింది. మంటల దగ్గర నుంచి అగ్నిమాపక బృందాన్ని తీసుకెళ్తున్న సికోర్‌స్కీ ఎస్-61 హెలికాప్టర్ కొండ మీద నుంచి లేస్తూ కూలిపోయింది. 13 మందిలో 9 మంది చనిపోయారు. ఆపరేటర్ హెలికాప్టర్ ఖాళీ బరువుని కావాలనే తక్కువ చేసి చూపించిందనీ, ఇంజన్ బలం తాలూకు చార్టుని మార్చిందనీ దర్యాప్తులో తేలింది. పైలట్లు ఆ కాగితాలతోనే లెక్క కట్టుకున్నారు. లెక్క ప్రకారం లేవాలి, అందుకే లేపారు. దీన్ని పొరపాటు అనడానికి నాకు మనసొప్పదు. అది మోసం. కానీ కాక్‌పిట్‌లో కూర్చున్నవాళ్ళ వైపు నుంచి చూస్తే 134కీ దీనికీ తేడా తక్కువ. రెండుచోట్లా నేల మీద ఎవరికో తెలిసినదంతా గాలిలో ఉన్నవాళ్ళకి అందలేదు.

బకెట్ కింద

ఇక మన పని సంగతి. మారతహళ్ళిలో ఉంటున్న ఒక పెద్దాయన వాయుసేన ఎంఐ-17లలో ఫ్లైట్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఊరు నెల్లూరు. అప్పుడప్పుడు క్లాసుకి వచ్చి మాట్లాడతారు. బకెట్ పని ఎట్లా ఉంటుందన్నా అని అడిగితే చేతులతో చూపిస్తారు. "తలుపు దగ్గర పడుకోని కిందికి చూస్తా ఉంటాం. పైలట్‌కి బకెట్ కనపడదు. ఇంకా పది, ఇంకా అయిదు, తాకింది, మునిగింది, ఎత్తు అని మేం చెప్తా ఉంటే ఆయన కదుపుతా ఉంటాడు. ఒక్క మాట ఆలస్యమైనా తాడు ఎటో పోద్ది."

ఒకసారి ముంచితే మూడు వేల లీటర్లకు పైగానే లేస్తుంది, అంటే మూడు టన్నులకు పైన. నీళ్ళ మీద నిలబడి ఆ బరువు ఎత్తడానికి ఇంజన్ బలమంతా కావాలి. బండీపుర వైపు కొండలు 1,400 మీటర్ల దాకా ఉన్నాయి. ఎండాకాలం మధ్యాహ్నం అక్కడి పలచని వేడిగాలిలో పొద్దున ఎత్తిన బరువు ఎత్తలేకపోవచ్చు. మంట మీద మరీ కిందికి దిగితే రోటర్ గాలికి నిప్పురవ్వలు ఎగిరి మంట ఇంకోచోట అంటుకుంటుంది. పైనుంచి పోస్తే నీళ్ళు చెదిరిపోతాయి. ఖాళీ బకెట్‌తో వేగంగా వెళ్తే అది వెనక్కి ఊగి తోక వైపు పోయే ప్రమాదం ఉంది. ఇవన్నీ సిబ్బందికి తెలుసు. వాళ్ళకి తెలియకుండా పోయేదల్లా, ఆ చెరువు దగ్గర పొద్దున ఒకరు ముంచబోయి ఎందుకు మానుకున్నారన్నది. గట్టున కొత్తగా కరెంటు తీగ వేశారా, నీటి మట్టం తగ్గి మొద్దులు తేలాయా, లోయలో గాలి తిరగబడిందా. ఈ కబురు అటవీ రేంజర్‌కి చేరి, ఆయన నుంచి జిల్లా కేంద్రానికి చేరేసరికి "హెలికాప్టర్ ఒక ట్రిప్ వేయలేదు" అన్నంతగా కుదించుకుపోతుంది. కారణం రాలిపోతుంది.

అందుకని మా క్లాసులకి వచ్చే గ్రౌండ్ స్టాఫ్‌కి ఒక కాగితం ఇస్తున్నాం. గడులు నాలుగే. ఎవరు వద్దన్నారు, ఎన్ని గంటలకి, ఏ చోటు, ఎందుకు. పని అప్పగించే మనిషి ఆ వరుసల్ని కొత్త సిబ్బందికి బయటికి చదవాలి. విన్నామని కాదు, ఏం విన్నామో వాళ్ళు తిరిగి చెప్పాలి. ఆ తర్వాత వాళ్ళు వెళ్ళొచ్చు కూడా. వేరే హెలికాప్టర్, తక్కువ బరువు, వేరే దారి ఉంటే మొదటివాళ్ళు వద్దన్నది రెండోవాళ్ళకి సాధ్యమే కావచ్చు. వద్దన్నవాళ్ళని ఆ పూట వివరణ అడగకూడదు, ఆ కాగితాన్ని వాళ్ళ పనితీరు ఫైల్లో పెట్టకూడదు. పెడితే రేపటి నుంచి ఎవరూ వద్దనరు, లేదా కారణం రాయరు.

ఒక్క విషయంలో మాత్రం మాలో మాకే ఇంకా తెగలేదు. ఒక వరుస ఎంతసేపు చెల్లుతుంది? కొందరు రెండు గంటల తర్వాత కొట్టేయాలంటున్నారు, గాలి మారుతుంది కదా అని. గడియారం చూసి కొట్టేయడానికి నేను ఒప్పుకోవడం లేదు. గాలి వల్ల వద్దన్నారని రాసి ఉంటే, గాలి తగ్గిందని ఎవరు చూశారు, ఎక్కడ నిలబడి చూశారు, ఎన్ని గంటలకి చూశారు అన్నది పక్కన రాశాకే ఆ వరుస మీద గీత పెట్టాలి.